కొసరు గుంతలు, గురివింద గింజలు

అనగనగా అన్నాను కదా అని ఇదేదో రాజుల కాలం కథ అనుకోకండి. ఈ మధ్యే జరిగింది. ఒక అడవి ఉంది. ఆ అడవిలో ఆరుద్ర కార్తెకి ముసురు పట్టిందంటే తొమ్మిది రోజులు విడవదు. ఫోను పక్కన పెట్టి వినండి. నాకు ఇవాళ ఒళ్ళు మండిపోతోంది. మధ్యలో ఎవరైనా గుసగుసలాడితే కథ ఆపేసి లేచిపోతాను.

ఆ అడవిలో ఒక కిరాణా కొట్టు ఉండేది. నడిపేది పందికొక్కు గవరమ్మ. పందికొక్కు అనగానే ముక్కు మూసుకోనక్కర్లేదు. దాని ఇల్లు మీ గదికంటే శుభ్రంగా ఉంటుంది. నేలకింద ఎంత దూరమైనా సొరంగాలు తవ్వుతుంది. ఆ సొరంగాల్లో జొన్నలు, సజ్జలు, కొర్రలు చెమ్మ తగలకుండా దాచేది. జంతువులు ఎవరికి దొరికింది వాళ్ళు తెచ్చి ఇచ్చేవి. ఒకరు చీమగుడ్లు తెస్తే, ఒకరు ఇప్పపువ్వు తెచ్చేవారు. గవరమ్మ అది తీసుకుని గింజలు కొలిచి పోసేది.

కొలిచాక పైన ఒక గుప్పెడు కొసరు వేసేది. మీ అమ్మమ్మ కూరగాయల బండివాడి దగ్గర రెండు పచ్చిమిరపకాయలు, ఇంత కరివేపాకు ఎక్కువ వేయించుకుంటుంది చూడండి, అదే కొసరు. కాకపోతే ఆ అడవిలో కొసరు ఇంటికి పట్టుకెళ్ళకూడదు. అది అక్కడి పద్ధతి. కొట్టు వెనకాల ఒక్కో ఇంటికీ ఒక్కో గుంత ఉండేది. కొన్నవాళ్ళు తమ కొసరు తీసుకెళ్ళి తమ గుంతలో వేసి, మట్టి కప్పి వెళ్ళాలి. ముసురు పట్టి ఎవరూ బయట కాలు పెట్టలేని రోజుల్లో గవరమ్మ ఆ గుంతలు తెరిచేది. సొరంగాల్లోంచి నడిచి ఎవరి గింజలు వాళ్ళ ఇంటికి మోసుకెళ్ళి ఇచ్చేది. అందుకు ఏమీ పుచ్చుకునేది కాదు. అలా ఎన్నో ముసుర్లు దాటిపోయాయి.

ఆ కొట్టుకి వచ్చేవాళ్ళలో కౌజుపిట్ట పైడమ్మ ఒకతె. నేలమీద ముళ్ళపొద కింద గూడు. పిల్లలు గుడ్లలో ఉండగానే మొగుడు ఉచ్చులో పడి పోయాడు. అయిదుగురు పిల్లల్ని ఒక్కతే పెంచుకొస్తోంది. అందరికంటే ఆఖరివాడు బుడ్డోడు. నాలుగు రోజులు ఆలస్యంగా గుడ్డులోంచి వచ్చాడు. కాళ్ళు మరీ సన్నం. అన్నలూ అక్కలూ పరిగెడుతుంటే వెనకాల పడుతూ లేస్తూ వచ్చేవాడు. మొదటి ముసురు దాటిన పిల్ల ఇక బతికినట్టే అని ఆ అడవిలో అందరికీ తెలుసు. పైడమ్మకి పగలూ రాత్రీ ఒకటే బెంగ. బుడ్డోణ్ణి ఈ ముసురు దాటించాలి. అంతే.

ఇంతలో ఎండాకాలం వచ్చింది. ఎండాకాలంతో పాటు కోకిల వచ్చింది. పేరు వాసంతి.

కోకిల అనగానే మీ పుస్తకాల్లో పాట సంగతే రాస్తారు. మిగతాది నేను చెబుతాను. కోకిల గూడు కట్టదు. కాకి గూట్లో గుడ్డు పెట్టేసి వెళ్ళిపోతుంది. ఆ గుడ్డు పొదగడం, పిల్లని మేపడం అంతా కాకి చాకిరీ. అలాంటిదానికి సొంతంగా కొట్టు ఎందుకు? ఇంకొకరి కొట్టు ఉంటే చాలు.

వాసంతి మద్దిచెట్టు మీద కూర్చుని గొంతు సవరించుకుంది.

"అమ్మలారా, అక్కలారా, మీరెంత అమాయకులండీ. గవరమ్మగారు వేసే కొసరు మీకు ఎప్పుడైనా చేతికొచ్చిందా? మట్టిలో పోస్తున్నారు. నా మాట వినండి. కొన్న ప్రతిసారీ కొసరు వద్దని చెప్పి చీటీ అడగండి. ఆ చీటీ నాకు తెచ్చివ్వండి. చీటీకి ఒక గురివింద గింజ ఇస్తాను. పది గింజలు పోగైతే రెండు గుప్పెళ్ళ జొన్నలు మీ ఇంటికే, ఉచితంగా. దీన్ని క్యాష్‌బ్యాక్ అంటారు" అంది.

అడవిలో ఫోన్లు లేవు. ఆ గొంతే వాళ్ళకి యాప్.

ఆ తరవాత నియమాలు పాడింది. ఎంత వేగంగా పాడిందంటే ఎవరికీ ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆఖర్న "ఒప్పుకున్నవాళ్ళు తల ఊపండి మేడమ్" అంది. ఆ మేడమ్ అన్న పిలుపుకే సగంమంది పడిపోయారు. పైడమ్మ కూడా తల ఊపింది. ఏమిటి నవ్వుతున్నారు? మీరు కిందదాకా చదివే నొక్కుతున్నారా?

గవరమ్మ మొదట ఒప్పుకోలేదు. "నా కొట్టులో చీటీలూ గీటీలూ లేవు, పొండి" అంది. మూడు రోజులు ఒక్కరూ కొట్టుకి రాలేదు. చీటీ ఇవ్వని కొట్టు మొహం చూడొద్దని కోకిల చెట్టుచెట్టుకీ తిరిగి పాడింది. జొన్నలకి పురుగు పట్టే కాలం. నాలుగో రోజు గవరమ్మ తల వంచింది. చీటీ రాసినప్పుడల్లా ఆ గుప్పెడు కొసరూ కోకిలకి పంపాలని ఒప్పందం.

చీటీలు మొదలయ్యాక మొదటిసారి పైడమ్మ వచ్చింది. చీమగుడ్లు ఇచ్చి సోలెడు జొన్నలు కొలిపించుకుంది. గవరమ్మ గుప్పిట్లో కొసరు పట్టుకుని అడిగింది.

"ఏం పైడీ, గుంతలో వేస్తావా? చీటీ రాయమంటావా?"

"చీటీ రాయత్తా" అంది పైడమ్మ.

"బుడ్డోడి కాళ్ళు చూశావా? ముసురుకి నీ గుంతలో ఎంతుందో చూశావా?"

"ఆరుద్రకి ఇంకా బోలెడు రోజులున్నాయి కదత్తా. తరవాత వేస్తాలే."

గవరమ్మ ఆకుమీద గోరుతో గీత గీసి ఇచ్చింది. పైడమ్మ దాన్ని తీసుకెళ్ళి కోకిలకి ఇచ్చింది. కోకిల ఒక గురివింద గింజ ముక్కుతో అందించింది. ఎర్రగా, నల్లబొట్టుతో, ఎంత బాగుందో. తింటే మాత్రం విషం. పిల్లలందరూ చుట్టూ చేరి దాన్ని దొర్లించి ఆడుకున్నారు. పైడమ్మ మొహం వెలిగిపోయింది.

పది గింజలు పోగయ్యాయి. కోకిల నిజంగానే రెండు గుప్పెళ్ళ జొన్నలు ఇచ్చింది. ఊరికే ఇవ్వలేదు. పైడమ్మని ఒక మొద్దు మీద నిలబెట్టి, అడవినంతా పిలిచి, అందరూ చూస్తుండగా ఇచ్చింది. అందరూ రెక్కలూ పంజాలూ కొట్టారు. ఎర లేకుండా గేలానికి ఎవరు పడతారు?

మర్నాడు కొట్టుకి వెళ్తే గవరమ్మ అంది, "పది గుప్పెళ్ళు నా దగ్గర పట్టుకెళ్ళింది. నీకు రెండు ఇచ్చింది. మిగతా ఎనిమిదీ ఏవని అడిగావా?"

"నేనెందుకు అడుగుతానత్తా? నాకు ఉచితంగానే వచ్చాయి కదా."

"ఉచితమా? నీ గుంతలో పడాల్సినవే అవి. నీ పిల్లల నోటిముందు కూడు."

పైడమ్మకి కోపం వచ్చింది. ఈవిడకి గిట్టడం లేదు, నలుగురికీ నాలుగు గింజలు వస్తుంటే ఓర్వలేకపోతోంది అనుకుంది. నిజం చెప్పినవాళ్ళ మీద ఎవరికైనా అదే అనుమానం వస్తుంది.

కొన్నాళ్ళకి కోకిల కొత్త పాట అందుకుంది. ఈ వారం కుంకుడుకాయలు కొన్నవాళ్ళకి చీటీకి అయిదు గింజలట.

పైడమ్మ రెండోసారి ఆలోచించాల్సింది ఇక్కడ. కౌజుపిట్ట మట్టిలో పొర్లి స్నానం చేస్తుంది. దానికి కుంకుడుకాయలెందుకు? కానీ అయిదు గింజలు. పొద్దున్నంతా ఏరిన చీమగుడ్లన్నీ పోసి కుంకుడుకాయలు కొంది. ఆ పూట పిల్లలకి జొన్నలు సగమే వచ్చాయి. నవ్వకండి. నిన్న మీ నాన్నగారు మూడు డబ్బాల ఓట్స్ మోసుకొచ్చారు. నూట యాభై వెనక్కి వస్తుందట. మన ఇంట్లో ఓట్స్ తినేదెవరో మీరే చెప్పండి. పప్పు డబ్బా ఖాళీగా ఉందని వారం నుంచి మొత్తుకుంటున్నాను.

ఆ రోజు కూడా గవరమ్మ అడిగింది, "కొసరు గుంతలో వేస్తావా? చీటీ రాయమంటావా?"

"చీటీయే అత్తా. అయిదు గింజలు" అంది పైడమ్మ, కుంకుడుకాయల మూట దాచుకుంటూ.

గవరమ్మ గీత గీసి ఇచ్చేసింది.

ఇక మూడోది. ఇది తలుచుకుంటే నాకు మరీ మంట. కోకిల పైడమ్మ పొద దగ్గరికి స్వయంగా వచ్చింది.

"మేడమ్, మీరు మా పాత కస్టమర్. మీ మాట అందరూ వింటారు. మీకు తెలిసినవాళ్ళని ముగ్గురిని తీసుకురండి. మనిషికి మూడు గింజలు మీకే" అంది.

పైడమ్మ బయల్దేరింది. ఉడుత రాజులమ్మ ఇంటికి వెళ్ళింది. "వదినా, నేను వాడుతున్నాను కదా, నమ్మకం లేదా?" అంది. రాజులమ్మ నమ్మింది. కుందేలు సన్యాసి దగ్గరికి వెళ్ళింది. అతనూ నమ్మాడు. వాళ్ళు కోకిలని నమ్మలేదు, పైడమ్మని నమ్మారు. మూడో ఇల్లు చుంచెలుక బంగారమ్మది. పక్క పొదే.

"నాకు ఆ ఎర్రగింజలు వద్దే పైడీ. నా కొసరు నా గుంతలో పడితే నాకు నిద్ర పడుతుంది" అంది బంగారమ్మ.

"కాలం మారింది పిన్నీ, నువ్వే మారలేదు" అని మూతి తిప్పుకుని వచ్చేసింది పైడమ్మ.

మళ్ళీ కొట్టుకి వెళ్ళినప్పుడు గవరమ్మ కొసరు గుప్పిట్లో పట్టుకుని అడ్డంగా నిలబడింది.

"మూడోసారి గట్టిగా అడుగుతున్నాను పైడీ. మృగశిర వచ్చేసింది. నీ గుంతలో చలికాలంలో వేసిన నాలుగు గుప్పెళ్ళు తప్ప ఏమీ లేవు. గుంతలో వెయ్యి. నా మాట విను. ఇంక ఒక్క చీటీ కూడా తీసుకోకు."

పైడమ్మ ఆలోచించింది. గూట్లో పద్దెనిమిది గింజలున్నాయి. ఇంకో రెండైతే నాలుగు గుప్పెళ్ళు చేతికి వస్తాయి. మధ్యలో వదిలేస్తే ఇన్నాళ్ళూ పోగు చేసింది దండగ కదా అనిపించింది.

"ఈ రెండూ అయ్యాక మానేస్తానత్తా" అంది.

రెండూ అయ్యేలోగా ముసురు పట్టింది. మూడు రోజుల ముందే.

మొదటి రెండు రోజులూ ఇంట్లో ఉన్నవి తిన్నారు. మూడో రోజు గవరమ్మ గుంతలోవి నాలుగు గుప్పెళ్ళూ తెచ్చి ఇచ్చింది. "ఇంతే పైడీ" అంది. పైడమ్మ తల ఎత్తలేదు. అయిదుగురు పిల్లలకి ఆ గింజలు ఒక్క రోజుకే అయిపోయాయి.

అయిదో రోజు కాళ్ళకింద నేల కదిలింది. సొరంగంలో గవరమ్మ నడుస్తున్న చప్పుడు. పిల్లలు నోళ్ళు తెరుచుకుని నేల దగ్గర చెవులు పెట్టారు. చప్పుడు దగ్గరికి వచ్చింది. వాళ్ళ పొద కిందనుంచి ముందుకి వెళ్ళిపోయింది. పక్క పొదలో బంగారమ్మ ఇంట్లో గింజలు పోసిన చప్పుడు వినిపించింది.

"అమ్మా, అవ్వ మనింటికి ఎందుకు రాలేదు?" అని అడిగాడు బుడ్డోడు.

పైడమ్మ వాణ్ణి రెక్క కిందికి లాక్కుంది.

ఆరో రోజు పొద్దున బుడ్డోడు లేచి నిలబడలేకపోయాడు. పైడమ్మ గింజలన్నీ ఆకులో మూట కట్టుకుంది. పద్దెనిమిది గురివింద గింజలు. ఆ వానలో తడుస్తూ, పడుతూ మద్దిచెట్టు దాకా వెళ్ళింది. చెట్టు తొర్రలో కోకిల పొడిగా కూర్చుని ఉంది. తొర్ర నిండా జొన్నలు. అడవిలోని కొసరంతా అక్కడే ఉంది.

"వాసంతమ్మా, ఇవిగో పద్దెనిమిది. ఇరవైకి ఇవ్వాల్సినవి వద్దు. పదికి ఇచ్చేవే ఇప్పించు. రెండు గుప్పెళ్ళు. నా పిల్లాడు లేవడం లేదు" అంది పైడమ్మ.

కోకిల గింజలు చూసింది. గొంతు ఎప్పటిలాగే తియ్యగా ఉంది.

"అయ్యో మేడమ్, ఇవి రోహిణి కార్తె దాటితే చెల్లవు."

"నాకెవరూ చెప్పలేదే."

"పాడాను మేడమ్. మీరు తల ఊపారు."

"పోనీ ఒక్క గుప్పెడు ఇయ్యి తల్లీ. వానలు తగ్గాక చీమగుడ్లు తెచ్చి తీర్చుకుంటాను."

"ఒక పని చెయ్యండి. ఇవాళ గవరమ్మగారి కొట్టులో అయిదు సోలలు కొని చీటీ తీసుకురండి. పాత గింజలు మళ్ళీ చెల్లేలా చూస్తాను."

కొనడానికే ఉంటే ఇంత వానలో ఇక్కడికెందుకొస్తుంది? తిండి లేదని ఏడుస్తున్న తల్లితో ఇంకా కొనమని చెప్పింది చూశారా? తొర్రలో జొన్నలు దాని కాళ్ళకింద నలుగుతున్నాయి. అది తినేది కూడా కాదు. పళ్ళు తినే పిట్ట.

పైడమ్మ వెనక్కి వచ్చింది. గూట్లో నేల మీద మట్టి కొత్తగా తవ్వి ఉంది. గవరమ్మ కూర్చుని ఉంది. తన ఇంటికోసం దాచుకున్న గింజలు ఒక చిన్న మూట తెచ్చింది. పిల్లలు తింటున్నారు. నలుగురు తింటున్నారు.

పెద్దపిల్ల అంది, "అమ్మా, అవ్వ జొన్నలు తెచ్చింది. తమ్ముణ్ణి ఎంత లేపినా లేవడం లేదు."

పైడమ్మ బుడ్డోడి దగ్గర కూలబడింది. తడిసిన రెక్కలు వాడిమీద కప్పింది. వాడు చల్లగా ఉన్నాడు.

"అత్తా" అంది.

"నేను నిన్ననే రావాల్సింది. నీ మీద కోపంతో నిన్న రాలేదు. ఆ పాపం నాది" అంది గవరమ్మ. అని ఏడ్చింది.

ఆ ముసురులో రాజులమ్మ ఇంట్లో ఒక పిల్ల పోయింది. సన్యాసి ఇంట్లో అతని ముసలితల్లి పోయింది. ఆ రెండు ఇళ్ళకీ కోకిలని పరిచయం చేసింది ఎవరో మీకు తెలుసు. పైడమ్మకీ తెలుసు.

పదో రోజు ఎండ కాసింది. జంతువులు బయటికి వచ్చాయి. కోకిల కూడా వచ్చి మద్దిచెట్టు చివరికొమ్మ మీద కూర్చుంది.

"ముసురు దాటిన సందర్భంగా మీకోసం ప్రత్యేకం. ఈ వారమంతా చీటీకి రెండు గింజలు" అంది.

అన్ని చావులు చూశాక కూడా జంతువులు చెట్టుకింద చేరాయి. వాళ్ళని ఏమీ అనకండి. రోజుల తరబడి పస్తులున్నవాళ్ళు ఉచితం అన్న మాట వింటే వస్తారు. వాళ్ళు వస్తారని తెలిసే కదా అది పాడింది.

పైడమ్మ వాళ్ళని తోసుకుంటూ ముందుకి వచ్చింది. వెనకాల నలుగురు పిల్లలు. పద్దెనిమిది గింజలూ చెట్టుకింద పోసింది.

"వాసంతీ, నువ్వు తీసుకున్నది వెనక్కి ఇస్తావు కదా?"

"తప్పకుండా మేడమ్. అదే మా మాట."

"నాకు అయిదుగురు పిల్లలు. ఇప్పుడు నలుగురున్నారు. నా బుడ్డోణ్ణి వెనక్కి ఇయ్యి."

కోకిల గొంతు సవరించుకుంది. "మేడమ్, మీ బాధ అర్థమైంది. కానీ అది మా నియమాల్లో లేదు" అంది.

రాజులమ్మ తన గింజలు తెచ్చి పైడమ్మ గింజల పక్కన పోసింది. "నా పిల్లని కూడా ఇయ్యి" అంది. సన్యాసి తనవి పోశాడు. "మా అమ్మని" అన్నాడు. ఒకరి తరవాత ఒకరు వచ్చి పోశారు. చెట్టుకింద నేలంతా ఎర్రగా అయింది. ఉడుతలు చెట్టెక్కి తొర్రలోని జొన్నలన్నీ కిందికి తోసేశాయి. కోకిల కొమ్మ మీద నుంచి ఎగిరి పోయింది.

అప్పుడు పైడమ్మ అందరివైపూ తిరిగింది.

"దాన్ని తిట్టి ఊరుకోకండి. అత్త నన్ను మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ నేనే వద్దన్నాను. మీ ఇళ్ళకి వచ్చి మిమ్మల్ని లాక్కొచ్చింది కూడా నేనే. రాజులమ్మొదినా, నన్ను క్షమించమని అడగను. అడిగే మొహం నాకు లేదు" అంది.

రాజులమ్మ పైడమ్మని కౌగిలించుకోలేదు. జొన్నలు ఎత్తడానికి వంగింది. పైడమ్మ కూడా పక్కనే వంగింది. ఇద్దరూ సాయంత్రం దాకా ఒక్క మాటా లేకుండా ఎత్తారు.

కోకిలకి ఏమైందని అడుగుతున్నారా? ఏమీ కాలేదు. కథల్లో చెడ్డవాళ్ళకి ఏదో ఒకటి అవుతుందని మీకు చెప్పి పెంచాం, అది మా తప్పు. పక్క అడవికి వెళ్ళింది. అక్కడ ఎవరో పిల్లల తల్లి దాని పాట విని ఈపాటికి తల ఊపేసే ఉంటుంది.

నీతి: వెనక్కి ఇస్తామని వచ్చినవాణ్ణి ముందు ఎవరి దగ్గర తీసుకుంటున్నావని అడగండి, ఆ మాట అడక్కుండా తల ఊపితే, పోయేది మీ పిల్లల కంచంలోదే.